సాయంత్రం పూట గుప్పెడు గుల్ల



మన ఇళ్లల్లో కోళ్లు ఉంటాయి. రోజూ గుడ్లు చూస్తాం. వండుతాం, అమ్ముతాం, పొదగేస్తాం. గుడ్డుకు పెంకు ఎప్పుడు తయారవుతుంది? పగలా? రాత్రా?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మన గుడ్లు దారిలో పగలవు. మన పెట్టల కాళ్లు పడిపోవు. ఈ పాఠంలో అది తెలుసుకుందాం.

1. తోలు గుడ్డు

కోదాడ దగ్గర ఒక ఊరు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ఊరు. ఆ ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు.

కోడలు మహిళా సంఘంలో సభ్యురాలు. సంఘంలో అప్పు తీసుకుంది. ఆరు గ్రామప్రియ పెట్టలు కొన్నది. సంక్రాంతికి పెట్టలు గుడ్లు మొదలుపెట్టాయి. కోడలు సంతోషపడింది. గుడ్ల డబ్బుతోనే అప్పు కిస్తు కడదామని అనుకున్నది.

ఉగాది నాటికి గుడ్ల పెంకు పలుచనైంది. వేలితో నొక్కితే చిట్లుతోంది. కొన్ని గుడ్లకు పెంకే లేదు. పైన తోలు మాత్రమే ఉంది.

ఒకరోజు ముప్పై గుడ్లు బకెట్లో పెట్టుకుంది. కింద ఊక పోసింది, పైన ఊక పోసింది. ఆటోలో కోదాడకు పోయింది. అంగట్లో బకెట్ దించి చూస్తే ఏడు గుడ్లు పగిలి ఉన్నాయి. మిగతావి చూసి దుకాణం ఆయన "ఈ గుడ్లు నాకొద్దమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి అత్తకు చెప్పింది.

"మా కాలంల పెట్టలకు ఏం పెట్టినం బిడ్డా? అవే ఏరుకొని తిన్నయి. గుడ్డు రాయి లెక్క ఉండేది" అన్నది అత్త.

"నేను ఊకెనే లేను అత్తమ్మా. గుల్ల పొడి కొనుక్కొచ్చిన. రోజు పొద్దుగాల తవుడుల కలిపి పెడుతున్న. పైసలు పెట్టిన. అయినా తోలు గుడ్లే" అన్నది కోడలు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మర్నాడు పొద్దున గూడు తలుపు తీశారు. ఐదు పెట్టలు బయటికొచ్చాయి. ఒకటి రాలేదు. కాళ్లు చాపి కూర్చుంది. లేపితే నిలబడలేదు.

దాన్ని గంపలో పెట్టుకొని అత్తా కోడలూ పశువుల దవాఖానకు పోయారు. అక్కడ డాక్టరమ్మ మూడు ప్రశ్నలు అడిగింది.

"ఏం పెడుతున్నారమ్మా?"

"తవుడు, నూకలు, గుల్ల పొడి."

"గుల్ల ఎట్ల పెడుతున్నారు?"

"మెత్తటి పొడి. తవుడుల కలిపి."

"ఎప్పుడు పెడుతున్నారు?"

"పొద్దున."

డాక్టరమ్మ తల ఊపింది. "పెట్టేది మంచిదే. పెట్టే తీరు, పెట్టే వేళ మారాలి" అన్నది. ఆ తర్వాత కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. ఆమె చెప్పిన సంగతులు మనమూ తెలుసుకుందాం.

2. గుడ్డు చేసే ప్రయాణం

కోడిని కోసినప్పుడు లోపల పచ్చసొనల గుత్తి కనబడుతుంది. చిన్నవి, పెద్దవి ద్రాక్షపళ్ల లాగా ఉంటాయి. రోజుకు ఒకటి పండి, గుత్తి నుంచి జారుతుంది. అక్కడి నుంచి గుడ్డు ప్రయాణం మొదలవుతుంది. ఆ దారి ఒక పొడవాటి గొట్టం.

ఒక పెట్ట పొద్దున 8 గంటలకు గుడ్డు పెట్టిందనుకుందాం.

8 గంటల 30 నిమిషాలు: తర్వాతి పచ్చసొన జారుతుంది.

మధ్యాహ్నం 12 గంటల లోపు: పచ్చసొన చుట్టూ తెల్లసొన చేరుతుంది.

సుమారు ఒంటిగంట: తెల్లసొన చుట్టూ పలుచని తోలు కడుతుంది. ఉడికించిన గుడ్డు ఒలిచేటప్పుడు మనకు కనబడే పొర అదే.

ఆ తర్వాత గుడ్డు చివరి గదిలోకి చేరుతుంది. అక్కడే పెంకు కడుతుంది. మొదట మెల్లగా కడుతుంది. పొద్దుగూకిన తర్వాత జోరుగా కడుతుంది. తెల్లవారే దాకా ఆ పని సాగుతుంది.

మర్నాడు పొద్దున 9 గంటలు: గుడ్డు బయటికి వస్తుంది.

లెక్క చూడండి. మొత్తం సుమారు 25 గంటలు. అందులో దాదాపు 20 గంటలు పెంకుకే పోతాయి. పచ్చసొన, తెల్లసొన, తోలు తయారైపోయేది పగలు. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రి.

రోజుకు 24 గంటలే. గుడ్డుకు 25 గంటలు కావాలి. అందుకే పెట్ట ఇవాళ 8 గంటలకు పెడితే రేపు 9కి పెడుతుంది. ఎల్లుండి ఇంకా ఆలస్యం. అట్లా జరుగుతూ పోయి ఒక రోజు మానుతుంది. "ఇవాళ పెట్ట గుడ్డు పెట్టలేదేంది" అని మనం వెతుకుతాం. అది పెట్ట తప్పు కాదు. గడియారం లెక్క.

3. పెంకులో ఏముంది?

ఒక చిన్న పని చేయండి. గుడ్డు పెంకు ముక్క తీసుకోండి. గాజు గ్లాసులో వేయండి. నిమ్మరసం పోయండి. పెంకు మీద బుడగలు లేస్తాయి. సున్నపురాయి ముక్క మీద నిమ్మరసం పోసినా ఇట్లాగే బుడగలు వస్తాయి. అంటే గుడ్డు పెంకు, సున్నపురాయి ఒకే జాతివి.

ఈ సున్నపు సారాన్నే డాక్టర్లు కాల్షియం అంటారు. మన ఎముకలు, పళ్లు గట్టిగా ఉండేది కాల్షియంతోనే.

ఒక గుడ్డు పెంకు సుమారు 5 గ్రాములు తూగుతుంది. అందులో కాల్షియం సుమారు 2 గ్రాములు.

ఒక పెట్ట ఏడాదికి 150 గుడ్లు పెట్టిందనుకోండి.

150 గుడ్లు × 2 గ్రాములు = 300 గ్రాములు.

పెట్ట ఒంట్లో ఉండే మొత్తం కాల్షియం సుమారు 20 గ్రాములే. అంటే తన ఒంట్లో ఉన్నదానికి పదిహేను రెట్లు కాల్షియం అది ఏడాదిలో గుడ్లకు ఇస్తుంది. అదంతా ఎక్కడి నుంచి రావాలి? మేత నుంచే రావాలి. ఇంకో దారి లేదు.

4. రాత్రి పూట అప్పు

మేత సరిపోకపోతే ఏమవుతుంది? గుడ్డు ఆగదు. పెట్ట అప్పు చేస్తుంది. ఎవరి దగ్గర? తన ఎముకల దగ్గర.

పెట్ట కాలి ఎముకల లోపల కొంత కాల్షియం దాచి ఉంటుంది. రాత్రి కడుపు ఖాళీ అయినప్పుడు పెట్ట అందులోంచి తీసుకుంటుంది. పెంకు కడుతుంది. పగలు మంచి మేత తిని మళ్లీ నింపుతుంది. ఇది ఆపదకు దాచిన పొదుపు లాంటిది. ఆపదలో తీసుకోవడం తప్పు కాదు. కానీ రోజూ తీస్తూ, నింపకుండా ఉంటే?

మొదట పెంకు పలుచనవుతుంది. తర్వాత తోలు గుడ్లు వస్తాయి. ఆ తర్వాత పెట్ట అసలు ఎముకనే కరిగించుకుంటుంది. కుంటుతుంది. కాళ్లు చాపి కూలబడుతుంది. రెక్క పట్టి ఎత్తినా ఎముక విరిగిపోవచ్చు.

కోడలి పెట్టకు జరిగింది ఇదే. ఎక్కువ గుడ్లు పెట్టిన పెట్టే ముందు కూలబడింది. అది సోమరి కాదు. ఆ ఆరింటిలో అందరికంటే కష్టపడింది అదే.

5. పొడి వేరు, ముక్క వేరు

"పొద్దున పెట్టిన గుల్ల పొడి ఏమైంది మేడం?" అని కోడలు అడిగింది.

మంచి ప్రశ్న. పొయ్యిలో గడ్డి వేస్తే ఏమవుతుంది? భగ్గున మండి ఆరిపోతుంది. మొద్దు పెడితే తెల్లవార్లూ నిప్పు ఉంటుంది. గుల్ల కూడా అంతే. మెత్తటి పొడి గడ్డి లాంటిది. గుల్ల ముక్క మొద్దు లాంటిది.

మెత్తటి పొడి కోడి కడుపులో తొందరగా కరుగుతుంది. తొందరగా జారిపోతుంది. పొద్దున పెడితే మధ్యాహ్నానికి చాలావరకు అయిపోతుంది. అప్పటికి పెంకు పని ఇంకా జోరందుకోలేదు. రాత్రి పని జోరుగా సాగే వేళకు కడుపులో ఏమీ లేదు. ఇల్లు కట్టే మేస్త్రీ రాకముందే సిమెంటు తెచ్చి, ఆయన వచ్చే సరికి ఖాళీ చేసినట్టయింది.

గుల్ల ముక్కలైతే కందనకాయలో ఆగుతాయి. కందనకాయ కడిగేటప్పుడు లోపల చిన్న రాళ్లు కనబడతాయి కదా! కోడికి పళ్లు లేవు. కందనకాయే దాని తిరుగలి. గుల్ల ముక్క అందులో నిలిచి, రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతుంది. కరిగిన కాల్షియం రక్తంలో కలుస్తుంది. అక్కడి నుంచి పెంకుకు చేరుతుంది. ఎముకల దగ్గర చేసే అప్పు తగ్గుతుంది.

ఇంకో సంగతి వినండి. ఇది పెట్టకు కూడా తెలుసు! గుల్లను వేరే గిన్నెలో పెట్టి చూడండి. గుడ్లు పెట్టే పెట్ట పగలంతా దాన్ని అంతగా పట్టించుకోదు. సాయంత్రం అయ్యేసరికి వచ్చి ఏరుకొని తింటుంది. దాని ఒళ్లే దానికి చెబుతుంది. అదే తవుడులో కలిపేస్తే ఏరుకునే వీలు దానికి ఉండదు.

6. అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?

అత్త అన్న మాట గుర్తుందా? "మా కాలంల గుడ్డు రాయి లెక్క ఉండేది" అన్నది. ఆమె మాట అబద్ధం కాదు. దానికి మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెట్టేది. మధ్యలో పొదిగేది, పిల్లల్ని తిప్పేది. ఎముకలు మళ్లీ నిండడానికి దానికి సమయం దొరికేది. గ్రామప్రియ వేరు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోళ్లుగా పెంచుకోవడానికే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. గ్రామప్రియను ముఖ్యంగా గుడ్ల కోసం తయారుచేశారు. బాగా మేపితే ఏడాదికి 150కి పైగా గుడ్లు పెడుతుంది. గుడ్లు రెండింతలకు మించి పెరిగాయి. మేత మాత్రం పాతదే పెడితే ఎట్లా?

రెండోది. నాటు పెట్ట ఊరంతా తిరిగేది. చెరువు గట్టున నత్తలు, పొలంలో పురుగులు, దిబ్బ మీద గుల్లలు ఏరుకొని తినేది. ఇప్పుడు మనం పెట్టలను దడి లోపల ఉంచుతున్నాం. మనం పెట్టిందే వాటికి తిండి.

మూడోది మన తవుడు. మిర్యాలగూడ అంటే రైసుమిల్లులు. సూర్యాపేట, కోదాడ వైపు కూడా మిల్లులకు కొదవ లేదు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత ఈ వైపు వరి బాగా పెరిగింది. అందుకే తవుడు, నూకలు మనకు తేలిగ్గా దొరుకుతాయి. తవుడులో బలం ఉంది. కానీ కాల్షియం చాలా తక్కువ. పైగా తవుడులోని ఒక పదార్థం కాల్షియాన్ని ఒంటికి పట్టకుండా అడ్డుకుంటుంది. తవుడు మానవద్దు. తవుడు ఒక్కటే పెట్టవద్దు. గుల్లను తవుడులో కలపకుండా వేరుగా పెట్టండి.

7. మనం ఏం చేయాలి?

వేళ: సాయంత్రం కోళ్లు కమ్మడానికి రెండు గంటల ముందు గుల్ల పెట్టండి. చలికాలం పొద్దు తొందరగా పోతుంది. అప్పుడు 4 గంటలకే పెట్టండి. ఎండాకాలం 5 గంటలకు పెట్టవచ్చు. గిన్నె పగలు కూడా ఉంటే తప్పు లేదు. సాయంత్రం మాత్రం ఖాళీగా ఉండకూడదు.

ముక్క: నూక గింజ నుంచి జొన్న గింజ దాకా ఉండాలి. జల్లెడ పట్టండి. మెత్తటి పొడి కిందికి పోతుంది. పైన మిగిలిన ముక్కలు సాయంత్రానికి వాడండి.

ఎంత: ఐదు పెట్టలకు ఒక చిన్న గుప్పెడు. తినగా మిగిలితే మిగలనివ్వండి. బలవంతంగా తినిపించవద్దు.

ఎక్కడ దొరుకుతుంది: కోళ్ల దాణా అమ్మే దుకాణంలో గుల్ల ముక్కలు, సున్నపురాయి ముక్కలు దొరుకుతాయి. సంఘం వాళ్లు కలిసి ఒక బస్తా తెచ్చి పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది.

ఇంట్లోనే: మనం తిన్న గుడ్ల పెంకులు పారేయవద్దు. నీళ్లలో బాగా మరిగించండి. ఎండబెట్టండి. రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. గుడ్డు ఆకారం తెలియకుండా దంచాలి. లేకపోతే పెట్ట తన గుడ్డునే పొడుచుకు తినడం మరుగుతుంది. నత్తగుల్లలు కూడా ఇట్లాగే మరిగించి, ఎండబెట్టి, దంచి వాడవచ్చు. పురుగుమందు కొట్టిన పొలంలో ఏరిన నత్తలు వద్దు.

మేత: సాయంత్రం గుల్లతో పాటు గింజలు కూడా పెట్టండి. నిండు కడుపుతో గూటికి చేరాలి.

ఎండ: పగలు కాసేపు ఎండ తగలనివ్వండి. ఎండ తగిలితేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది.

ఎండాకాలం: మనవైపు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కోళ్లు నోరు తెరిచి రొప్పుతాయి. మేత తగ్గిస్తాయి. రొప్పినప్పుడు కూడా పెంకు పలుచనవుతుంది. నీడ, చల్లటి నీళ్లు ఉండాలి. మేత పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టండి. మిట్టమధ్యాహ్నం పెట్టవద్దు.

8. ఏం చేయకూడదు?

తమలపాకు సున్నం, గోడకు వేసే సున్నం పెట్టవద్దు. అవి నోరు, గొంతు కాలుస్తాయి.

సిమెంటు పెట్టవద్దు. మేళ్లచెరువు, వాడపల్లి వైపు సున్నపురాయితోనే సిమెంటు చేస్తారు. అయినా సిమెంటు వేరు, సున్నపురాయి వేరు.

తెల్లగా కనబడ్డ ప్రతి రాయీ సున్నపురాయి కాదు. పలుగురాయిలో కాల్షియం ఉండదు.

కోడిపిల్లల మేతలో గుల్ల కలపవద్దు. పెట్టకు మేలు చేసేది పిల్లకు కీడు చేస్తుంది. ఎక్కువ కాల్షియంతో పిల్లల మూత్రపిండాలు చెడిపోతాయి. గుల్ల గిన్నెను పిల్లలకు అందనంత ఎత్తులో కట్టండి. పెట్ట గుడ్లకు వచ్చే ముందు మొదలుపెడితే చాలు.

గుల్ల పెట్టినా రెండు మూడు వారాల్లో గుడ్లు బాగుపడకపోతే ఊరుకోవద్దు. కొక్కెర రోగం లాంటి జబ్బుల్లో కూడా పెంకు పాడవుతుంది. ముసలి పెట్టల గుడ్లకు కూడా పెంకు పలుచనే. పశువుల డాక్టరును అడగండి. సూర్యాపేట, కోదాడ వైపు వాళ్లకు గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మిర్యాలగూడ వైపు వాళ్లకు కంపాసాగర్‌లో ఉంది. పోయి అడగడానికి సిగ్గు పడవద్దు.

9. కోడలి గూడు

కోడలు ఇంటికి వచ్చింది. పొడిని జల్లెడ పట్టింది. అందులో ముక్కలు కొన్నే మిగిలాయి. మళ్లీ దాణా దుకాణానికి పోయి "పొడి వద్దు, ముక్కలు ఇవ్వండి" అని అడిగింది. పగిలిన కొబ్బరిచిప్పను గూడు పక్కన కట్టింది. రోజూ సాయంత్రం అందులో గుప్పెడు గుల్ల పోసింది.

మొదటి సాయంత్రమే ఐదు పెట్టలు చిప్ప చుట్టూ చేరాయి.

"చూసినవా అత్తమ్మా! ఎవరో పిలిచినట్టు వచ్చినయి" అన్నది కోడలు.

"పిల్లతల్లి పులుపు కోరినట్టు కోరుతున్నయి బిడ్డా" అన్నది అత్త.

కూలబడ్డ పెట్ట కోలుకోలేదు. నాలుగో రోజు చనిపోయింది. ఆలస్యమైంది. కోడలు చాలా బాధపడింది. దాని వాటా కిస్తు కూలి డబ్బులో కట్టుకోవలసి వచ్చింది.

మిగతా ఐదు నిలబడ్డాయి. రెండు వారాలకు తోలు గుడ్లు ఆగిపోయాయి. నెల తిరిగేసరికి పెంకు గట్టిపడింది. మళ్లీ ముప్పై గుడ్లు ఊకలో పెట్టి కోదాడ తీసుకుపోయింది. ఒక్కటే చిట్లింది. దాన్ని ఇంటికి తెచ్చి అత్తకు అట్టు వేసింది.

సంఘం మీటింగులో కోడలు ఈ సంగతి చెప్పింది. "ఖర్చు పెరగలే. పెట్టే వేళ మార్చిన, అంతే" అన్నది.

10. మన ఎముకల మాట

అప్పుడు సంఘంలో ఒక ముసలమ్మ లేచింది. "పెట్ట ఎముకలు కరిగించి గుడ్డు పెడుతది అంటిరి. మరి మన సంగతేంది?" అన్నది.

అందరూ ఒక్క క్షణం మాట్లాడలేదు.

నిజమే. కడుపులో బిడ్డ ఎముకలు తల్లి తిన్న తిండితోనే కట్టాలి. తల్లి పాలల్లో కాల్షియం తల్లి నుంచే పోవాలి. తిండి చాలకపోతే తల్లి ఎముకల నుంచి పోతుంది. అందుకే గర్భిణీలకు నాలుగో నెల నుంచి కాల్షియం మాత్రలు ఇస్తారు. రోజుకు రెండు. కాన్పు తర్వాత ఆరు నెలల దాకా వేసుకోవాలి.

ఇక్కడ కూడా వేళ ముఖ్యం. కాల్షియం మాత్ర అన్నంతో పాటు వేసుకోవాలి. రక్తం కోసం ఇచ్చే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి మింగవద్దు. ఒకటి రెండోదాన్ని ఒంటికి పట్టనివ్వదు. రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఆగాలి. పాలు, పెరుగు, రాగులు, మునగాకు తినాలి.

పెట్టకు గిన్నె నింపేది మనమే. మన కంచం నింపుకోవలసింది కూడా మనమే. గుడ్లన్నీ అంగడికి పంపవద్దు. ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు ఉంచుకున్న తర్వాతే అమ్ముదాం.

జవాబులు చెప్పండి

1. గుడ్డు తయారు కావడానికి సుమారు ఎన్ని గంటలు పడుతుంది?

2. పెంకు జోరుగా కట్టేది ఏ వేళ?

3. గుల్ల ముక్కలు పెట్ట కడుపులో ఎక్కడ ఆగుతాయి?

4. కోడలు కూడా గుల్ల పెట్టింది. అయినా తోలు గుడ్లు ఎందుకు వచ్చాయి?

5. కోడిపిల్లల మేతలో గుల్ల ఎందుకు కలపకూడదు?

లెక్క చేయండి

కోడలి గుడ్లు ముప్పైలో ఏడు పగిలాయి. మీ ఊళ్లో ఒక గుడ్డు ధర ఎంత? రాయండి. ఏడు గుడ్లకు ఎంత నష్టం? వారానికి ఒకసారి అట్లా పగిలితే నెలకు ఎంత నష్టం?

చేసి చూడండి

మీ ఇంట్లో ఒక పెట్టను గుర్తుపెట్టుకోండి. అది రోజూ ఎన్ని గంటలకు గుడ్డు పెడుతుందో వారం రోజులు కాగితం మీద రాయండి. ఏ రోజు మానిందో కూడా రాయండి. సంఘంలో చదివి వినిపించండి.

కొత్త మాటలు

కాల్షియం: సున్నపు సారం. ఎముకలను, గుడ్డు పెంకును గట్టిపరుస్తుంది.

కందనకాయ: కోడి తిన్న గింజలను నలిపే కండ.

తోలు గుడ్డు: పెంకు కట్టని గుడ్డు.

గుర్తుంచుకోండి

పెంకు పని రాత్రి. గుల్ల పెట్టే పని సాయంత్రం.